జాలరచనల లంకెలు, పాఠకుల రాకపోకలు - చౌర్య వెబ్‌సైట్ల నుంచి రక్షణ: పర్ణశాల సమాచారం ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగులో బ్లాగులు విస్తరించిన నాటినుంచి వాటిలోని రచనలను, వాటికి చేరవలసిన పాఠకులను తమవైపు మళ్ళించుకొనే వెబ్‌సైట్లూ పెరిగాయి. పాఠాన్ని కాపీ చేయడం ఈ చౌర్యంలో ఒక భాగం మాత్రమే. లంకెను, చిరునామాను, పాఠకుణ్ణి హరించడం మిగిలిన భాగం. ఆ పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. పర్ణశాల గ్రామాన్ని గురించిన జాలపాఠాలను ఉదాహరణగా తీసుకొని, తాళప్రతుల పరిష్కరణలో వాడే ఉమ్మడి దోష సూత్రం జాలచౌర్య నిరూపణకు ఎలా ఉపకరిస్తుందో చూపుతుంది. పాఠకుణ్ణి అడ్డుకొనే తాళాలకంటే, మూలాన్ని తెలిపే గుర్తులే రచనను కాపాడుతాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లంకె, టపా, సంకలిని, డొమైన్, పాఠపరిష్కరణ, ఉమ్మడి దోషం, కాపీరైటు, పర్ణశాల.

1. ఉపోద్ఘాతం

పర్ణశాల భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న గ్రామం. భద్రాచల రాముణ్ణి సేవించుకొన్న యాత్రికులు ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఈ ఊరికీ వస్తారు. సీతారామలక్ష్మణులు వనవాసకాలంలో కుటీరం కట్టుకొన్న చోటు ఇదేనని స్థానిక విశ్వాసం. సీతవాగును, ఆ వాగు రాళ్ళమీద సీత నారచీరలు ఆరవేసిన గుర్తులుగా చెప్పే చారలను అక్కడివారు చూపుతారు. మహారాష్ట్రలోని నాసిక్ పంచవటి కూడా ఇదే ఘట్టాన్ని తనదిగా చెప్పుకొంటుంది. ఆ వివాదం ఈ వ్యాసానికి అక్కరలేదు. అయితే బంగారు లేడి రూపంలో వచ్చిన మారీచుడు, సన్యాసి వేషంలో వచ్చిన రావణుడు అనే రెండు వేషధారణలను స్థలపురాణంగా మోస్తున్న ఊరిని గురించిన సమాచారమే జాలంలో వేషాలు మార్చుకొంటూ తిరుగుతుండడం గమనించదగినది.

'పర్ణశాల' అని వెతికినవారికి యాత్రా సమాచార పుటలు, పర్యాటక సంస్థల ప్రకటనలు, వికీపీడియా వ్యాసం, వ్యక్తుల టపాలు ఎదురవుతాయి. తెలుగు బ్లాగుల తొలి దశకంలో సినీవిమర్శకుడు కత్తి మహేశ్ ఇదే పేరుతో బ్లాగు నడిపారు. కాబట్టి ఆ కాలంలో ఊరిని వెతికినవారు బ్లాగుకూ, బ్లాగును వెతికినవారు ఊరికీ చేరుకొనే అవకాశం ఉండేది. అది యాదృచ్ఛికమైన నామసామ్యం. అందులో మోసం లేదు. కాని ఊరిని గురించిన పుటలను వరుసగా చదివితే, అవే వాక్యాలు, అదే క్రమంలో, అవే అచ్చుతప్పులతో పలుచోట్ల కనిపిస్తాయి. వాటిలో మూలం ఏది, నకలు ఏది అనే ప్రశ్న దగ్గరే జాలరచనల రక్షణ సమస్య మొదలవుతుంది.

2. లంకె విలువ

లంకెను కేవలం ఒక పుటనుంచి మరొక పుటకు దారిగా భావించడం వాడుకలో ఉంది. పరిశోధకులకు మాత్రం అది ఉపప్రమాణానికి సమానం. ఒక వ్యాసం మరొక వ్యాసాన్ని పేర్కొన్నప్పుడు దాని ప్రామాణ్యాన్ని కొంతవరకు అంగీకరించినట్టే. గూగుల్ వ్యవస్థాపకులు 1998లో ప్రకటించిన పేజ్‌ర్యాంక్ పద్ధతికి ఈ విద్యాసంప్రదాయమే ఆధారం. ఎక్కువ పుటలు, అందులోనూ విలువైన పుటలు లంకె వేసిన పుటకు శోధనఫలితాల్లో ముందు స్థానం దక్కడం ఆ పద్ధతి సారాంశం. నేటి శోధనయంత్రాలు ఇంకా అనేక సూచికలను లెక్కలోకి తీసుకొంటున్నా లంకె విలువ పూర్తిగా పోలేదు.

విలువ ఉన్నచోటికి దొంగ వస్తాడు. బ్లాగుల వ్యాఖ్యల పెట్టెలు అంగడి ప్రకటనల లంకెలతో నిండిపోవడంతో గూగుల్ 2005 జనవరిలో 'నోఫాలో' అనే గుర్తును ప్రవేశపెట్టింది. ఆ గుర్తు ఉన్న లంకె ద్వారా వ్యాఖ్యాతకు ప్రామాణ్యం సంక్రమించదు. 2019లో డబ్బు తీసుకొని వేసిన లంకెకు, పాఠకులు వేసిన లంకెకు వేరువేరు గుర్తులు వచ్చాయి. బ్లాగరి తన పుటలో వేసే ప్రతి లంకెకూ తాను పూచీపడుతున్నట్టే. 'మీ బ్లాగులో మా అతిథి వ్యాసం ప్రచురించండి, సొమ్ము చెల్లిస్తాం' అని వచ్చే ఉత్తరాలు కోరేది వ్యాస ప్రచురణ కాదు, ఆ పూచీ. ఏళ్ళ తరబడి సాహిత్య విషయాలు రాసిన బ్లాగులో ఒక జూదపు సైటుకు లంకె చేరితే, నష్టపోయేది ఆ బ్లాగు ఇతర టపాలన్నింటి ప్రతిష్ఠ.

తెలుగు బ్లాగులకు మొదట్లో శోధనయంత్రాలకంటే సంకలినులే పాఠకులను తెచ్చాయి. కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటివి బ్లాగుల ఫీడులను సేకరించి, శీర్షికను, తొలి కొన్ని పంక్తులను చూపి, పాఠకుణ్ణి అసలు టపాకు పంపేవి. ఇది న్యాయమైన లంకె. అదే ఫీడును తీసుకొని, టపా మొత్తాన్ని తన పుటలో పెట్టుకొని, చుట్టూ ప్రకటనలు అమర్చి, పాఠకుణ్ణి అక్కడే ఆపివేసే సైటు సాంకేతికంగా సంకలినికి సోదరే, ధర్మంలో మాత్రం వ్యతిరేకి. రెండింటికీ మధ్య ఉన్న తేడా, పాఠకుడు చివరకు ఎవరి ఇంటికి చేరుతాడన్న ఒక్క విషయంలోనే ఉంది.

3. హరించే రీతులు

ఫీడు ద్వారా పాఠాన్ని యాంత్రికంగా తోడుకోవడం అన్నింటికంటే చవకైన పద్ధతి. మనిషి చదవడు, ఎంచుకోడు. ప్రోగ్రామే టపా వెలువడిన నిమిషాల్లో దాన్ని కాపీ చేస్తుంది. కొన్నిసార్లు శోధనయంత్రం మూలంకంటే ముందు నకలునే చూస్తుంది. చిత్రాలను తన సర్వరులో పెట్టుకోకుండా మూలం సర్వరునుంచే చూపించే హాట్‌లింకింగ్ మరొకటి. ఇందులో వస్తువూ బ్లాగరిదే, దాన్ని మోసే ఖర్చూ బ్లాగరిదే. మూడవది, అసలు పుటను తన చట్రంలో బిగించి చూపడం. పాఠకుడు చదివేది మూలాన్నే, చిరునామా గడిలో ఉండేది వేరొకరి పేరు.

బ్లాగు గణాంకాల్లో కనిపించే అపరిచిత సైట్ల పేర్లు వేరొక ఎత్తుగడ. నిజానికి అక్కడినుంచి పాఠకులెవరూ రారు. 'ఎవరో మనకు లంకె వేశారు' అన్న కుతూహలంతో బ్లాగరి ఆ పేరును నొక్కాలన్నదే వారి ఉద్దేశం. అటువంటి పేర్లను నొక్కకుండా వదిలివేయడమే చాలు.

వీటన్నింటికంటే ప్రమాదకరమైనది లోపలినుంచి జరిగేది. పాతబడిన ప్లగిన్, ఉచితంగా దొరికిన దొంగ థీమ్, బలహీనమైన సంకేతపదం మార్గంగా చొరబడినవారు బ్లాగు పైరూపాన్ని మార్చరు. బ్లాగరికి తన పుట ఎప్పటిలాగే కనిపిస్తుంది. శోధనయంత్రానికి మాత్రం మందుల అమ్మకాలో, జూదపు ఆటలో కనిపిస్తాయి. లేదా శోధననుంచి వచ్చిన పాఠకుడు మాత్రమే వేరొక చోటికి మళ్ళింపబడతాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, దీన్ని బ్లాగరి తన కంప్యూటరునుంచి చూసి పట్టుకోలేడు. శోధనయంత్రంలో తన డొమైన్ పేరుతో పరిమితం చేసి వెతికినప్పుడో, గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో హెచ్చరిక వచ్చినప్పుడో బయటపడుతుంది.

తెలుగులో ఇటీవల విస్తరించిన మరొక రీతి టపాను చదివి వీడియోగా పెట్టడం. అక్షరం ధ్వనిగా మారినందువల్ల పాఠాలను పోల్చే యంత్రాలకు అది సులభంగా చిక్కదు. తెలుగు పాఠాన్ని రోమన్ లిపిలోకి మార్చి ప్రచురించడమూ ఇటువంటిదే. చట్టం దృష్టిలో మాత్రం రూపం మారినంత మాత్రాన హక్కు పోదు. సాహిత్యరచనను ధ్వనిముద్రణగా, చలనచిత్రంగా మలిచే హక్కు 1957 కాపీరైటు చట్టం 14వ సెక్షను ప్రకారం హక్కుదారుదే.

4. ఉమ్మడి దోషం: పర్ణశాల పాఠాల సాక్ష్యం

మూలాన్నీ నకలునూ వేరుచేయడానికి పుటమీద ఉన్న తేదీని నమ్మలేం. తేదీని ఎవరైనా మార్చవచ్చు. పాఠపరిష్కర్తలకు ఈ చిక్కు కొత్త కాదు. సి.పి. బ్రౌను పండితులచేత తెలుగు తాళప్రతులను సేకరింపజేసి, సరిపోల్పించి, పాఠాలను నిర్ణయింపజేసిన కృషి సుప్రసిద్ధం. పంతొమ్మిదవ శతాబ్దపు జర్మన్ పండితుడు లాక్‌మన్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన పరిష్కరణ పద్ధతికి ఉమ్మడి దోషమే పునాది. రెండు ప్రతుల్లో ఒకే సరైన పాఠం ఉంటే దానివల్ల ఏమీ తేలదు, రెండూ స్వతంత్రంగా సరైనవి కావచ్చు. ఒకే తప్పు ఒకే చోట ఉంటే మాత్రం వాటికి చుట్టరికం ఉందని భావించవచ్చు.

పర్ణశాల విషయంలో ఈ సూత్రానికి అనుకూలమైన చారిత్రక సామగ్రి ఉంది. భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది, 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లాలో చేరింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం అవతరించింది. పోలవరం ముంపు పేరిట కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, పట్టణం మినహా భద్రాచలం మండల గ్రామాలు, బూర్గంపాడు మండలంలో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. దుమ్ముగూడెం మండలం తెలంగాణలోనే మిగిలింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది.

దీన్నిబట్టి ఒక పుటలో పర్ణశాల చిరునామా 'ఖమ్మం జిల్లా, ఆంధ్రప్రదేశ్' అని ఉంటే దాని మూలపాఠం 2014 జూన్‌కు ముందుది కావచ్చు. 'ఖమ్మం జిల్లా, తెలంగాణ' అని ఉంటే 2014 జూన్‌కూ 2016 అక్టోబరుకూ మధ్యది కావచ్చు. నిన్నటి తేదీ వేసుకొన్న పుటలో మొదటి చిరునామా కనిపిస్తే, ఆ పుట రాసినవారు ఊరికి వెళ్ళలేదని, పాతపాఠాన్ని చూసి దించుకొన్నారని అనుమానించడానికి ఆధారం దొరుకుతుంది. భద్రాచలంనుంచి దూరం ఒకచోట 32 కిలోమీటర్లని, మరొకచోట 35 అని కనిపిస్తుంది. ఈ తేడాలు కూడా పాఠాల శాఖలను గుర్తించడానికి పనికివస్తాయి.

అయితే ఒక్క దోషంతో చౌర్యం రుజువు కాదు. నలభై ఏళ్ళు ఖమ్మం జిల్లాలో బతికిన వ్యక్తి అలవాటుకొద్దీ నేటికీ 'ఖమ్మం జిల్లా పర్ణశాల' అనే రాయవచ్చు. ఊళ్ళో చాలామంది నోట ఇప్పటికీ అదే వినిపించవచ్చు. కనుక ప్రాంతీయమైన అలవాటునుంచి వచ్చే తప్పును పక్కనపెట్టి, మరొకరికి పొరపాటునైనా రాని తప్పులను వెతకాలి. ఒక ప్రత్యేకమైన వర్ణక్రమం, వాక్యం మధ్యలో జారిపోయిన ఒక పదం, ఒక పేరాలో మాత్రమే ఇమిడే సర్వనామం మరొక పేరాలో మిగిలిపోవడం, 'పై చిత్రంలో చూడవచ్చు' అన్న మాట ఉండి చిత్రం లేకపోవడం వంటివి బలమైన సాక్ష్యాలు. ఇటువంటివి మూడు నాలుగు ఒకే పుటలో కలిస్తే యాదృచ్ఛికమనే వాదం నిలవదు.

ఈ చౌర్యంవల్ల రచయిత కష్టం పోవడమే కాదు, సమాచారం గడ్డకట్టుకుపోతుంది. మూలరచయిత 2016 తర్వాత తన టపాలో జిల్లా పేరు సవరించినా నకళ్ళకు ఆ సవరణ చేరదు. సంఖ్యాబలం నకళ్ళదే కాబట్టి వెతికినవారికి పాతతప్పే ప్రామాణికంగా తోస్తుంది. యాత్రికుడికి దీనివల్ల పెద్ద నష్టం లేదు, బస్సు పర్ణశాలకే వెళ్తుంది. కాని దుమ్ముగూడెం, చర్ల మండలాల కోయగూడేల్లో ఒక పరిశోధకుడు సేకరించిన కథనాన్ని తీసుకోండి. ఏ ఊరిలో, ఎవరి నోట, ఏ సంవత్సరం విన్నదో చెప్పే వాక్యాన్ని కత్తిరించి మిగిలినది ప్రచురిస్తే అది క్షేత్రసమాచారంగా మిగలదు, ఊరూ పేరూ లేని కట్టుకథ అవుతుంది. యాంత్రిక నకళ్ళు మొదట వదిలిపెట్టేది ఆ ఆధారవాక్యాన్నే, ఎందుకంటే అది తరచు టపా చివర ఉంటుంది.

5. తాళమా, గుర్తా?

మౌసు కుడిమీటను పనిచేయనివ్వకపోవడం, పాఠాన్ని ఎంచుకోవడానికి వీలులేకుండా చేయడం తెలుగు బ్లాగుల్లో విరివిగా కనిపించే రక్షణోపాయాలు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. ఫీడునుంచి తోడే ప్రోగ్రాముకు మౌసే లేదు, కుడిమీట అడ్డు ఎలా అవుతుంది? ఈ తాళం అడ్డుకొనేది రెండు వాక్యాలను ఉటంకించి లంకె వేయదలచిన నిజాయితీపరుణ్ణి, నిఘంటువులో ఒక పదం చూడబోయిన విద్యార్థిని మాత్రమే. పాఠాన్ని బొమ్మగా మార్చి పెట్టడం ఇంకా హానికరం. శోధనయంత్రానికి అది అందదు, చూపులేనివారికి తెరచదువరి దాన్ని వినిపించలేదు. చౌర్యభయంతో రచనకు పాఠకుణ్ణే దూరం చేయడం ఏ రక్షణా కాదు.

గుర్తులు వేరు. అవి పాఠంతోపాటే ప్రయాణిస్తాయి. ప్రతి టపాలోనూ తన పూర్వటపాలకు పూర్తి చిరునామాతో లంకెలు వేస్తే, యంత్రం కాపీ చేసినప్పుడు ఆ లంకెలు కూడా నకలులోకి వెళ్ళి పాఠకుణ్ణి మూలానికే పంపుతాయి. వర్డ్‌ప్రెస్ వాడేవారికి ఆ నకలునుంచి పింగ్‌బ్యాక్ రూపంలో సమాచారం వచ్చే అవకాశం కూడా ఉంది. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ 2009 ఫిబ్రవరిలో అంగీకరించిన 'కానానికల్' గుర్తు కూడా ఇటువంటిదే. పుట శిరోభాగంలో 'ఈ పాఠానికి అసలు చిరునామా ఇది' అని యంత్రానికి చెప్పే పంక్తి అది. బద్ధకస్తుడైన దొంగ పుటను శిరోభాగంతో సహా దించుకొంటే తన నకలు తానే ఒప్పుకొన్నట్టవుతుంది. శోధనయంత్రం దాన్ని ఆజ్ఞగా కాక సూచనగా మాత్రమే తీసుకొంటుందని గుర్తుంచుకోవాలి. బ్లాగరి తన వ్యాసాన్ని ఒక పత్రికకు పునఃప్రచురణకు ఇచ్చినప్పుడు, ఆ పత్రిక పుటలో ఈ గుర్తును తన టపావైపు ఉంచమని కోరడం సముచితం.

ఫీడును సంక్షిప్తం చేయడం మధ్యేమార్గం. బ్లాగర్ అమరికల్లో పూర్తి పాఠం, సంక్షిప్తం, విరామరేఖ వరకు, ఏదీ వద్దు అనే ఎంపికలున్నాయి. విరామరేఖ వరకు ఫీడు ఇచ్చి, టపా ఆరంభంలోనే రచయిత పేరును, మూలలంకెను ఒక వాక్యంగా పొదగడం ఉత్తమం. క్షేత్రసేకరణలకు ఇది మరీ అవసరం. 'పర్ణశాలలో ఫలానా నెలలో సేకరించినది' అన్న ఆధారం చివర కాక మొదటి పేరాలోనే వాక్యంలో భాగంగా ఉంటే కత్తెర దాన్ని సులభంగా తీయలేదు.

చెడ్డ సైట్లు తమ బ్లాగుకు వేసిన లంకెలవల్ల శోధనయంత్రం తమను శిక్షిస్తుందేమోనని కొందరు భయపడుతుంటారు. 2012 అక్టోబరులో గూగుల్ ఇటువంటి లంకెలను నిరాకరించే సాధనాన్ని ఇచ్చిన మాట నిజమే. కాని అత్యధిక సైట్లకు దాని అవసరం లేదని ఆ సంస్థే చెబుతోంది. తెలియక వాడితే మంచి లంకెలను కూడా తెంపుకొనే ప్రమాదం ఉంది.

6. చిరునామా చేజారినప్పుడు

పాఠచౌర్యంకంటే చిరునామా చౌర్యం లోతైనది. తెలుగు పరిశోధకులు తప్పక ఎరిగి ఉండవలసిన ఉదంతం ఒకటుంది. 2012నుంచి కొన్నేళ్ళపాటు గూగుల్ తన బ్లాగ్‌స్పాట్ పుటలను భారతదేశపు పాఠకులకు డాట్ కామ్ బదులు డాట్ ఇన్ చిరునామాతో చూపింది. ఆ కాలంలో సిద్ధాంతగ్రంథాల్లో, వికీపీడియా మూలాల్లో తెలుగు బ్లాగులను ఉటంకించినవారు తమకు కనిపించిన డాట్ ఇన్ చిరునామానే నకలు చేసుకొన్నారు. 2020లో బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ డొమైన్ గూగుల్ చేజారి మరొకరి పేరిట నమోదైంది. ఎంతో పెద్ద సంస్థ, ఒక్క నమోదు పునరుద్ధరణ దగ్గర జరిగిన లోపం. ఫలితంగా ఆ ఉటంకింపులన్నీ మూలబ్లాగుకు తీసుకుపోలేని స్థితి వచ్చింది. బ్లాగులు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఉటంకింపులో డాట్ ఇన్ ఉన్నచోట డాట్ కామ్ పెట్టి చూస్తే, రచయిత తొలగించని టపాలు నేటికీ తెరుచుకొంటాయి. అప్పటి సిద్ధాంతగ్రంథాల ఉపయుక్తగ్రంథసూచికలను ఈ దృష్టితో సరిచూసుకోవడం పర్యవేక్షకులు చేయించదగిన పని.

సొంత డొమైన్ ఉన్న బ్లాగరులకు ఇదే ప్రమాదం చిన్న పరిమాణంలో ఎప్పుడూ పొంచి ఉంటుంది. డాట్ కామ్ వంటి పేర్లకు గడువు ముగిశాక గరిష్ఠంగా 45 రోజుల అనుగ్రహకాలం, ఆపై 30 రోజుల విమోచనకాలం, చివర 5 రోజుల తొలగింపు దశ ఉంటాయి. అవి దాటితే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. పాత లంకెల విలువకోసమే ఇటువంటి పేర్లను కాచుకొని కొనేవారున్నారు. కాలంచెల్లిన డొమైన్లను ఇలా దుర్వినియోగం చేయడాన్ని గూగుల్ 2024 మార్చిలో తన నిషేధనియమాల్లో ప్రత్యేకంగా చేర్చింది. నియమం ఉన్నంత మాత్రాన పేరు తిరిగి రాదు.

బ్లాగర్ వాడుతూ సొంత డొమైన్ తగిలించుకొన్నవారికి ఇంకొక చిక్కు ఉంది. పాత బ్లాగ్‌స్పాట్ చిరునామాకు వచ్చిన పాఠకులను కూడా ఆ అమరిక కొత్త డొమైన్‌కే పంపుతుంది. డొమైన్ చేజారితే ఆ పాఠకులంతా కొత్త యజమాని ఇంటికే వెళ్తారు. బ్లాగర్‌లోకి ప్రవేశించి సొంత డొమైన్ అమరికను తొలగిస్తే పాత చిరునామా మళ్ళీ పనిచేస్తుంది. ఈ చిన్న మార్పు తెలియక బ్లాగు మొత్తం పోయిందనుకొని వదిలేసుకొనే అవకాశం ఉంది. అధ్యాపకులకు మరొక జాగ్రత్త: డొమైన్ నమోదుకు కళాశాల ఈమెయిలు ఇస్తే, బదిలీ లేదా పదవీవిరమణతో ఆ ఈమెయిలు ఆగిపోయి, పునరుద్ధరణ హెచ్చరికలు ఎవరికీ అందవు.

పోలికగల పేరుతో మోసగించడం ఇంకొక మార్గం. 2023 ఏప్రిల్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం ఒక నకిలీ వెబ్‌సైటుపై ఫిర్యాదు చేయగా తిరుమల ఒకటో పట్టణ పోలీసులు కేసు నమోదు చేశారు. అంతకుముందే నలభై నకిలీ సైట్లు వెలుగుచూశాయి. ఇది నలభై ఒకటవది. అసలు చిరునామాలో తిరుపతిబాలాజీ, ఏపీ, గవ్, ఇన్ అనే భాగాల మధ్య చుక్కలుండగా, నకిలీలో చుక్కల స్థానంలో అడ్డగీతలు పెట్టి చివర డాట్ ఆర్గ్ చేర్చారు. ఎడమనుంచి చదివే భక్తుడికి రెండూ ఒకటే. డొమైన్‌ను కుడినుంచి చదవాలి: చివరి భాగం 'గవ్ డాట్ ఇన్' అయితే అది ప్రభుత్వానిది. 2024 జనవరిలో దేవస్థానం తన అధికారిక చిరునామానే మార్చుకొంది. భద్రాచలం ఆలయపు ఆన్‌లైన్ సేవలు కూడా తెలంగాణ ప్రభుత్వ డొమైన్ కింద నడుస్తున్నాయి. పర్ణశాల, భద్రాచలం యాత్రలపై రాసే బ్లాగరులు టికెట్ల లంకె వేసేటప్పుడు కుడికొసను సరిచూసుకోవాలి. అజాగ్రత్తగా వేసిన ఒక లంకె తన పాఠకుణ్ణే దొంగకు అప్పగిస్తుంది.

తెలుగు లిపిలోనే డొమైన్ పేర్లు వచ్చాక ఈ సమస్య మరొక మలుపు తీసుకొంది. గ, జ, ర వంటి అక్షరాలు తెలుగులోనూ కన్నడంలోనూ దాదాపు ఒకే రూపంలో ఉంటాయి. కంటికి తేడా తెలియదు, యంత్రానికి అవి వేరు అక్షరాలు. అంతర్జాతీయ డొమైన్ సంస్థ ఐకాన్ కోసం బ్రాహ్మీజన్య లిపులను అధ్యయనం చేసిన నియోబ్రాహ్మీ నిపుణుల బృందం ఈ తెలుగు-కన్నడ జంటలను వైకల్పిక రూపాలుగా గుర్తించింది. లిపిచరిత్ర విద్యార్థికి ఆసక్తి కలిగించే సోదరసంబంధం ఇక్కడ భద్రతాసమస్యగా పరిణమించింది.

7. చట్టం ఇచ్చే అండ, దాని హద్దు

భారతదేశంలో కాపీరైటుకు నమోదు తప్పనిసరి కాదు. రచన పుట్టినప్పుడే హక్కు పుడుతుంది. రచయిత పేరు తొలగించడంపై 57వ సెక్షను, హక్కుల సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా చెరిపివేయడంపై 2012 సవరణతో వచ్చిన 65-బి సెక్షను వర్తిస్తాయి. లంకెలు, తాత్కాలిక నిల్వల విషయంలో 52(1)(సి) సెక్షను, 2013 నియమావళిలోని 75వ నియమం కీలకం. హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, నిల్వకు బాధ్యుడైన సంస్థ 36 గంటల్లో ఆ పాఠాన్ని అందుబాటులో లేకుండా చేయాలి. ఆ నిలుపుదల 21 రోజులు. ఆలోగా న్యాయస్థానపు ఉత్తర్వు రాకపోతే పాఠాన్ని పునరుద్ధరించవచ్చు. ఉత్తర్వు తెస్తానని ఫిర్యాదులోనే హామీ ఇవ్వాలి. ఒక టపాకోసం న్యాయస్థానానికి వెళ్ళే స్తోమత, తీరిక ఎంతమంది అధ్యాపకులకు ఉంటాయి? ఆచరణలో అమెరికా 1998 చట్టం ప్రకారం గూగుల్‌కు, హోస్టింగ్ సంస్థలకు పంపే తొలగింపు నోటీసులే త్వరగా ఫలిస్తాయి. వాటిలో హామీ అక్కరలేదు గాని అసత్య ఫిర్యాదుకు శిక్షార్హత ఉంది.

చట్టం కాపాడేది వాక్యరూపాన్నే, వాస్తవాన్ని కాదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్పష్టపరచింది. పర్ణశాల ఎక్కడుందో, సీతవాగుకు ఆ పేరెలా వచ్చిందో ఎవరైనా తమ మాటల్లో రాయవచ్చు. కోయకథలోని వస్తువుపై సేకర్తకు హక్కు లేదు, తాను రాసిన పాఠంపై ఉంది. వికీపీడియా పాఠాన్ని తీసుకోవడమూ చౌర్యం కాదు. దాని లైసెన్సు కోరేది మూలాన్ని పేర్కొనడం, అదే లైసెన్సును కొనసాగించడం. పేర్కొనకుండా తీసుకొన్నప్పుడే తప్పు.

8. పరిశోధకుడే నిందితుడైతే

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్య నిరోధానికి నియమావళి తెచ్చింది. పది శాతం వరకు సామ్యానికి శిక్ష లేదు. ఆపై 40, 60 శాతాల హద్దులతో శిక్షలు పెరుగుతాయి. అరవై దాటితే పరిశోధకుని నమోదే రద్దు కావచ్చు. ఇప్పుడు ఈ వరుసను ఊహించండి: పరిశోధకుడు తన అధ్యాయంలోని కొంత భాగాన్ని ముందుగా సొంత బ్లాగులో పెట్టాడు. ఒక చౌర్యసైటు దాన్ని తోడుకొంది. సామ్యపరీక్ష యంత్రం ఆ సైటును మూలంగా చూపింది. యంత్రం చెప్పేది సామ్యం ఉందని మాత్రమే, ఎవరు ఎవరినుంచి తీసుకొన్నారో అది చెప్పదు. సొంత రచనకు తానే సంజాయిషీ చెప్పుకోవలసిన దుస్థితి ఇది.

ఇక్కడ రక్షణ ముందే జరగాలి. టపా ప్రచురించిన రోజే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో 'ఈ పుటను భద్రపరచు' అనే సదుపాయంతో దాని ప్రతిని నిలిపితే, మార్చడానికి వీలులేని తేదీ మూడవపక్షం దగ్గర నమోదవుతుంది. టపాను ఈమెయిలులో పర్యవేక్షకునికి పంపడం మరొక సాక్ష్యం. బ్లాగు మొత్తాన్ని ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎగుమతి చేసి దాచుకోవాలి. సిద్ధాంతగ్రంథం సమర్పించేటప్పుడు, పూర్వప్రచురిత టపాల జాబితాను చిరునామాలతో, తేదీలతో ముందుగానే జతచేస్తే సామ్యనివేదికనుంచి వాటిని మినహాయించమని కోరడానికి ఆధారం ఉంటుంది.

పత్రికల పేర్లకే నకిలీలు పుట్టడం దీని మరొక ముఖం. అసలు పత్రిక పేరును, ఐఎస్ఎస్ఎన్ సంఖ్యను వాడుకొని, వేరొక డొమైన్‌లో రుసుము వసూలు చేసే క్లోన్ పత్రికల జాబితాను యూజీసీ-కేర్ ప్రకటిస్తూ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ కేర్ జాబితానే నిలిపివేసినట్టు ప్రకటించడంతో పరిశీలనభారం విద్యాసంస్థలపై, పరిశోధకులపై పడింది. ఐఎస్ఎస్ఎన్ అంతర్జాతీయ కేంద్రపు పోర్టల్‌లో ఆ సంఖ్యకు నమోదైన శీర్షికను, ప్రచురణకర్తను, వెబ్ చిరునామాను తాము చూస్తున్న సైటుతో పోల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. సంఖ్య సరిపోయి చిరునామా సరిపోకపోతే, రుసుము చెల్లించేముందు సంపాదకమండలిలో పేరున్న ఒకరికి వారి విశ్వవిద్యాలయ ఈమెయిలు ద్వారా రాసి నిర్ధారించుకోవాలి. ఆ ఈమెయిలును అనుమానిత సైటులో ఇచ్చిన చోటునుంచి కాక, విశ్వవిద్యాలయపు సొంత పుటనుంచే తీసుకోవాలి.